ఇనుప యోసేపు రెండో కప్పు

లింగరాజు వీడియో కొట్లో ఆ సినిమా ఎన్నోసారి ఆడుతోందో వీధిలో ఎవరూ లెక్కపెట్టడం లేదు. సర్కారు మీద దేశమంతా సమ్మె మొదలయ్యాక కొత్త క్యాసెట్లు రావడం మానేశాయి. బస్సుల్లేవు, ఆఫీసుల్లేవు, సరిహద్దు నుంచి దొంగసరుకు మోసుకొచ్చే మనుషులు కూడా ఊరేగింపుల్లోకి వెళ్లిపోయారు. రంగూన్ శివారు తాకేటాలో ఆ తెలుగువాళ్ల వీధికి మిగిలిందల్లా ఒకే ఒక్క ఇంగ్లీషు క్యాసెట్టు. దాని మీద అంటించిన కాగితం చిరిగిపోయింది. పేరు పోయి అంకె మిగిలింది. ఆ అంకె రెండు. అంటే అది రెండో భాగం. మొదటి భాగం రంగూన్‌లో ఏ మూల ఎవరి పెట్టెలో ఉందో దేవుడికే తెలియాలి.

ఆ సినిమాలో ఒక ఇనుప మనిషి ఉంటాడు. సంతలో అమ్ముడుపోయి ఒక ఇంటికి చాకిరీకి వస్తాడు. అన్నల చేతిలో అమ్ముడుపోయిన బైబిల్ యోసేపు గుర్తొచ్చి చర్చి ఆడవాళ్లు అతనికి ఇనుప యోసేపని పేరు పెట్టేశారు. ఆ యోసేపుకి తెలుగులో ప్రాణం పోసేవాడు రూబెన్.

రూబెన్ కిరసనాయిలు స్టవ్వులు బాగుచేస్తాడు. ఆట ఉన్నప్పుడు మాత్రం టీవీ పక్కన ముక్కాలి పీట మీద గోడకి వీపు ఆనించి కూర్చుంటాడు. ఎడం చేతిలో రేకు బూరా. కుడిచెయ్యి ఖాళీగా ఉంచుకుంటాడు, అది కూడా మాట్లాడాలి కదా. ఒక కన్ను బొమ్మ మీద, ఒక కన్ను జనం మీద. అతనికి ఇంగ్లీషు ఎంత వచ్చో అడిగే ధైర్యం ఎవరూ చెయ్యలేదు, అడిగితే చెప్పేటంత అమాయకుడు అతనూ కాదు. దొర నోరు కదిలినంతసేపు రూబెన్ నోరు కదులుతుంది. దొర నోరు మూసుకున్నా ఒక్కోసారి రూబెన్ నోరు ఆగదు. దొరా దొరసానీ ముద్దుకి దగ్గరైతే చాలు రూబెన్‌కి దగ్గు పట్టుకుంటుంది. లింగరాజు లేచి తన తువ్వాలు టీవీ మీద వేస్తాడు. దగ్గు ఆగిన తర్వాతే తువ్వాలు తీస్తాడు.

ఆ సినిమాకి మొదలు లేదు కాబట్టి రూబెన్ ఒక మొదలు తయారుచేశాడు. బొబ్బిలిలో పిల్లల్లేని ఒక కమ్మరి ఉన్నాడు, కొలిమిలో కర్రు చెయ్యబోయి ఇనుప కొడుకుని చేశాడు అని. ఆ మాట ఒక స్టవ్వుకి కొత్త వాషరు బిగిస్తుండగా తట్టింది. వీధి నమ్మింది, లేదా నమ్మినట్టు కూర్చుంది.

చిక్కల్లా కప్పుతోనే. ఇనుప యోసేపు ప్రతి పొద్దునా రెండు కప్పుల్లో టీ పోస్తాడు. ఒకటి తన ముందు పెట్టుకుంటాడు, రెండోది ఎదురుగా ఖాళీ కుర్చీ ముందు పెడతాడు. రెండూ తాగడు. కాసేపు అలా కూర్చుని, చల్లారాక రెండూ పారబోసి పనిలోకి వెళతాడు. ఎందుకలా చేస్తాడో బొమ్మ చెప్పదు. రూబెన్ పూటకో కారణం చెబుతాడు.

"ఏటి రూబెనూ," అంది ఆ మధ్యాహ్నం ముందు వరసలో చాప మీద కూర్చున్న కనకరత్నం మామ్మ. వీధిలో పెద్ద వయసు ఆవిడదే. "మొన్న ఆ కప్పు యేసు ప్రెబువుకన్నావు. మా ఇంట్లో గోడ మీద పటంలో ఉన్నట్టు కనబడని సుట్టం ఆయనే అన్నావు. బాగున్నాదనుకున్నాను. ఇయాల సల్లారబెట్టుకుంటన్నాడంతావేటి?"

"ప్రెబువుకి పెట్టిన టీ సల్లారదేటి మామ్మా?" అన్నాడు రూబెన్ బూరాలోంచి. కొట్టు కొట్టంతా నవ్వింది.

"పెద్దలకి పెట్టినాడని సెప్పొచ్చు కదా ఒక్కసారి," అన్నాడు లింగరాజు. అతనికి యేసు ప్రభువు పాలు ఎక్కువైందని ఎప్పట్నుంచో బాధ. "కొట్టు నాది, కరెంటు నాది. ఒక్క పూట పితృదేవతలకి పెట్టించలేవా?"

"రేపటి ఆటలో పెట్టిస్తాను సావుకారూ."

సినిమాకి చివర కూడా లేదు. ఇంటివాళ్లు యోసేపుని తుక్కు కొట్టుకి ఇచ్చెయ్యాలనుకుంటారు. అతను గోడ దూకి నడిచి నడిచి ఒక వంతెన దగ్గరికి వస్తాడు. అక్కడ లింగరాజు వీడియో టేపుని నమిలేసింది. బొమ్మ వంకరగా లాక్కుపోయి తెల్లటి చారలు పడతాయి. ఆ చారల మీద రూబెన్ తన ఇష్టం వచ్చినట్టు ముగిస్తాడు. ఒక రోజు యోసేపు నదిలో పడి తుప్పు పడతాడు. ఒక రోజు ఓడెక్కి విశాఖపట్నం వెళ్లిపోతాడు. ఊళ్లో కాల్పులు జరిగాయని కబురొచ్చిన రోజున మాత్రం ఎవరేమన్నా యోసేపు బతికే తీరతాడు. అది రూబెన్ పెట్టుకున్న నియమం.

ఆట చూడనివాడు వీధి మొత్తం మీద ఒక్క ఎడ్విన్ రాజు. యూనివర్సిటీ మూసేసినప్పటి నుంచి అతనే వీధి కాపలాకి పెద్ద. వీధి మొగలో వెదురు కంచె కట్టించాడు, కుర్రాళ్లకి వంతులు వేశాడు. జైళ్లు తెరిచేశారని, నీళ్ల తొట్టెల్లో విషం కలిపేవాళ్లు తిరుగుతున్నారని ఊరంతా పుకార్లు. ఎడ్విన్ ఒక కాలికి నీలం చెప్పు, ఇంకో కాలికి ఆకుపచ్చ చెప్పు వేసుకుని తిరుగుతాడు. ఆగస్టులో కాల్పులప్పుడు పరిగెడుతూ ఒక చెప్పు పోగొట్టుకున్నాడు. ఆ ఆకుపచ్చ చెప్పు ఎవరిదో అతనికి తెలియదు. దాన్ని మార్చమని ఎవరూ అనలేదు.

మర్నాడు పొద్దున్నే కంచె దగ్గర కేకలు వినబడ్డాయి. రూబెన్ చేతిలో ఉన్న స్టవ్వు పిన్ను చెవి మీద పెట్టుకుని పరిగెత్తాడు.

నీళ్ల తొట్టె పక్కన ఒక మనిషిని పట్టుకున్నారు. ముప్ఫై ఏళ్లుంటాయి. నల్లగా, సన్నగా ఉన్నాడు. లుంగీ మోకాళ్లదాకా ఎగ్గట్టి ఉంది, కాళ్ల నిండా దుమ్ము. భుజానికి గుడ్డ సంచీ. ఎడ్విన్ అప్పటికే అతని చేతులు వెనక్కి విరిచి కొబ్బరి తాడుతో కట్టేశాడు. సంచీ కింద కుమ్మరిస్తే నాలుగు చింతకాయలు, తడిసిన అటుకులు, ఒక కాగితం పొట్లం బయటపడ్డాయి. పొట్లంలో ఎర్రటి పొడి. అది చూసి చుట్టూ ఉన్న కుర్రాళ్లు ఒక అడుగు వెనక్కి వేశారు.

"ముట్టుకోకండి," అన్నాడు ఎడ్విన్ బర్మా భాషలో. అతను కోపంలో తెలుగు మాట్లాడలేడు. ప్రేమలో కూడా మాట్లాడలేడని వాళ్లమ్మ అంటుంది. "ఎవరు నువ్వు?"

"చిన్నబాబు. ఊరికి ఆ చివర, అహ్లోన్ నుంచి వచ్చాను. అక్కడ బియ్యం మిల్లులో పనిచేస్తాను."

"తొట్టె దగ్గరేం పని?"

చిన్నబాబు తల దించుకున్నాడు. లింగరాజు కొట్టు వైపు ఒకసారి చూసి మళ్లీ దించుకున్నాడు. ఎంత అడిగినా ఆ ప్రశ్నకి జవాబు రాలేదు.

ఇంతలో రూబెన్ అక్క మార్గరెట్ కాపలా కుర్రాళ్లకి టీ తెచ్చింది. ఒక చేతిలో మసిబారిన కెటిలు, ఇంకో చేతిలో పిడుల్లేని చిన్న కప్పుల దొంతర. ఆవిడ కెటిలు కింద పెట్టి, వంగి, ఎవరూ ఆపేలోగా వేలు ఆ పొట్లంలో ముంచి నాలిక మీద పెట్టుకుంది.

"పిన్నీ!" అని అరిచాడు ఎడ్విన్.

"ఉప్పూ కారం," అంది మార్గరెట్. "సింతకాయిలోకి. ఉప్పు తక్కువేసినాడు."

నవ్వులు లేచాయి. ఎడ్విన్ నవ్వలేదు. అహ్లోన్‌లో తెలుగువాళ్లు చాలామంది ఉన్న మాట నిజమే, కాని పేరు చెప్పుకోవడం ఎంతసేపు? గూఢచారికి పేరు నేర్పలేరా? తెలుగువాడివైతే తెలుగులో మాట్లాడమన్నాడు. చిన్నబాబు తడబడ్డాడు. అడిగినదంతా అర్థమవుతోందని అతని మొహమే చెబుతోంది, నోట్లోంచి మాత్రం బర్మా మాటలే వస్తున్నాయి. ఒక కీర్తన పాడమన్నాడు ఎడ్విన్.

"మేం... చర్చి కాదు. రామమందిరం," అన్నాడు చిన్నబాబు.

"మనోడే!" అని లింగరాజు చప్పట్లు కొట్టాడు. వెంటనే తను కూడా ఒక పరీక్ష పెట్టాలనిపించింది. "ఏది బాబూ, మీ ఇంటిపేరేటి?"

చిన్నబాబుకి తెలియదు. వాళ్ల తాత ఓడ దిగాడు. ఏ ఊరి నుంచో తాత చెప్పలేదు, తండ్రి అడగలేదు. గుర్తింపు కార్డు మీద చిన్నబాబు అని ఒక్క ముక్కే ఉంది.

"అయిపోయింది," అన్నాడు ఎడ్విన్. "ఇంటిపేరు తెలియని తెలుగువాడు ఉంటాడా?"

కనకరత్నం మామ్మ కర్ర నేల మీద తాటించింది. "ఉంటాడేటో సూద్దారి. నీదేట్రా?"

"నాదా? రాజు."

"రాజు ఇంటిపేరు కాదురా నాయినా, అది మీ నాన పేరుకున్న తోక. ఇంటిపేరు సెప్పు."

ఎడ్విన్ చెవులు ఎర్రబడ్డాయి. మామ్మ అక్కడితో ఆగితే బాగుండేది. ఆగలేదు. కర్రతో ఒక్కొక్కరినే చూపిస్తూ కాపలా కుర్రాళ్లందరినీ అడిగింది. ఒకడు తల గోక్కున్నాడు, ఒకడు అమ్మనడిగి చెబుతానన్నాడు, ఒకడు చర్చి పేరు చెప్పాడు. వీధిలో ఒక్క కుర్రాడూ నెగ్గలేదు. ఆ పరీక్షే ఖాయమైతే కంచెకి అవతల అందరూ, ఇవతల మామ్మ ఒక్కర్తీ మిగిలేవారు.

"కార్డుల ఆఫీసుకెల్తే బల్లెనకాల కూసున్నోడు మీ తాత ఎక్కడ పుట్టినాడని అడుగుతాడు," అంది మామ్మ. ఇప్పుడు ఆవిడ గొంతులో వేళాకోళం లేదు. "ఆ బల్ల ముందర నిలబడి నిలబడి నా మోకాళ్లు పోనాయి. నువ్వూ ఆ బల్లెనకాలే కూసున్నావేట్రా ఎడ్విన్?"

ఎడ్విన్ మెల్లగా, ఈసారి తెలుగులోనే అన్నాడు. "నన్ను ఈదిలో అందరూ ఎరుగుదురు మామ్మా. ఇతన్ని ఎవులు ఎరుగుదురు? నీళ్లు తాగి పిల్లలు పడిపోతే ఎవులు సెప్తారు?"

పొద్దు వాలేలోగా సందు చివర సమ్మె కమిటీకి అప్పగిస్తానన్నాడు ఎడ్విన్. కిందటి వారం అలా అప్పగించిన మనిషొకడు మళ్లీ ఇంటికి పోలేదు. ఏం జరిగిందో ఎవరూ పైకి అనరు. ఆ దారిన వెళ్లేటప్పుడు మాత్రం ఆడవాళ్లు పిల్లల కళ్లు మూస్తున్నారు.

చర్చి వసారాలో స్తంభానికి చిన్నబాబుని కట్టేసి ఉంచారు. రూబెన్ తన స్టవ్వులు అక్కడికే తెచ్చుకున్నాడు. వసారాలో వెలుతురు బాగుంటుందని పైకి చెప్పాడు. నిజానికి ఆ మనిషిని ఒంటరిగా వదలాలంటే అతని మనసొప్పలేదు.

పని చేతులది, చూపు ఎక్కడైనా ఉండొచ్చు. బర్నరు విప్పి, మసి గీకి, సన్నటి పిన్నుతో కన్నం పొడుస్తూ రూబెన్ చూశాడు. మార్గరెట్ మళ్లీ టీ తెచ్చింది. కాపలా కుర్రాళ్లకి ఒక్కొక్కరికీ కప్పు పెట్టింది, ఎడ్విన్‌కి పెట్టింది, రూబెన్‌కి పెట్టింది. చిన్నబాబు ముందు చెయ్యి ఆగింది. ఆవిడ ఎడ్విన్ వైపు చూసింది. ఎడ్విన్ తల అడ్డంగా ఊపాడు. ఒక కప్పు దొంతర్లోనే ఉండిపోయింది. చిన్నబాబు ఆ దొంతర వైపు చూడకుండా ఉండడానికి ఆకాశం వైపు చూశాడు.

రూబెన్‌కి తన టీ తాగాలనిపించలేదు. స్టవ్వు పక్కకి నెట్టాడు.

"సెప్పు బాబూ. ఎందుకొచ్చినావు? నాకు సెప్పు."

"చెబితే నవ్వుతారు," అన్నాడు చిన్నబాబు. "వంతెన దగ్గర కంచె వాళ్లకి చెప్పాను. కడుపు పట్టుకుని నవ్వారు. నవ్వి పోనిచ్చారు. ఇక్కడ తొట్టె దగ్గర నీళ్లు తాగుదామని ఆగితే పట్టుకున్నారు, చెప్పడానికి సిగ్గేసింది. ఇక్కడ చేతిలో వెదురు బరిసెలు కూడా ఉన్నాయి."

"నవ్వితే నవ్వుతారు. సెప్పకపోతే ఏడవాలి."

చిన్నబాబు చెప్పుకొచ్చాడు. మిల్లు మూతపడింది. సమ్మెలో ఉన్న కూలీలు పగలంతా మిల్లు గేటు ముందు కూర్చుంటున్నారు. అక్కడ టీకొట్టులో ఒక వీడియో ఉంది. అందులో ఒక సినిమా వేస్తున్నారు. ఒక ఇనుప మనిషి సినిమా. మొదటి క్యాసెట్టు మాత్రమే ఉంది. ఆ ఇనుప మనిషి సంతలో అమ్ముడుపోవడంతో అది ఆగిపోయింది. తర్వాత అతనికి ఏమైందని కూలీలు రెండు ముఠాలుగా చీలిపోయారు. తన్నుకునేదాకా వచ్చింది. రెండో క్యాసెట్టు తాకేటాలో లింగరాజనే సావుకారు కొట్లో ఉందని ఎవరో చెప్పారు. పుల్లలు తీస్తే ఇతనికి పొడుగు పుల్ల వచ్చింది. చూసొచ్చి చెప్పమని మిల్లు మిల్లంతా దారిలోకి చింతకాయలు కట్టి పంపింది.

చెప్పి, చివర తెలుగులో అడిగాడు. "ఆ ఇనుప మనిసికి ఏటయినాది?"

వసారా ఒక్కసారి గొల్లుమంది. ఎడ్విన్ కూడా నవ్వాడు, కాని అది వేరే నవ్వు.

"ఊరు తగలబడుతుంటే సినిమా కోసం అహ్లోన్ నుంచి నడిచొచ్చాడట. సరే. మొదటి భాగం చూశావు కదా. ఇనుప మనిషిని ఎవరు చేశారు?"

ఆ జవాబు వీధిలో పాలు తాగే పిల్లలకి కూడా తెలుసు. బొబ్బిలి కమ్మరి. అందరూ చిన్నబాబు పెదాల వైపు చూశారు. రూబెన్ చేతిలో పిన్ను వంగిపోయింది.

"ఒక ముసలావిడ," అన్నాడు చిన్నబాబు. "గడియారాలు బాగుచేసేది."

వసారాలో గాలి మారింది. ఎవరో "అయ్యో" అన్నారు. ఎడ్విన్ లేచి నిలబడి బరిసె చేతిలోకి తీసుకున్నాడు. "విన్నారుగా. లెండి."

ఆ ముసలావిడ నిజం, తన కమ్మరే అబద్ధం. ఆ సంగతి తనకి తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలియదు. ఈ పూట దాకా తన మాటల వల్ల ఎవరికీ నష్టం రాలేదు. నవ్వుకున్నారు, ఏడ్చారు, ఇళ్లకి పోయారు. ఇప్పుడు లేని కమ్మరి ఒకడు ఉన్న మనిషి పీకమీదికి వచ్చాడు. తను తప్పుకుంటే కమ్మరి గెలుస్తాడు. అడ్డం పడితే రేపటి నుంచి ముక్కాలి పీట మీద తనని ఎవరు కూర్చోనిస్తారు?

"ఆగు ఎడ్విన్," అన్నాడు. "ఒక్క ముక్క అడగనీ. బాబూ, ఆ ఇనుప మనిసి రోజూ రెండు కప్పులు పెడతాడు. ఆ రెండోది ఎవులికి?"

ఇన్నాళ్లూ అందరూ అడిగిన ప్రశ్న అది. జవాబు చెప్పాల్సినవాడే దాన్ని అడుగుతున్నాడు.

చిన్నబాబు మొహం వెలిగిపోయింది. "ఇంకా పెడుతున్నాడా!" అన్నాడు. చేతులు కట్టేసి ఉన్నాయని మర్చిపోయి ముందుకు ఊగాడు. "చేతులు లేకుండా చెప్పలేను."

మార్గరెట్ దొంతర్లోంచి రెండు కప్పులు తీసి అతని ముందు గచ్చు మీద పెట్టింది. అతను కాలి బొటనవేలితో ఒకదాన్ని ఇటు జరిపాడు, ఇంకోదాన్ని అటు జరిపాడు.

"ఇద్దరు," అన్నాడు. అక్కణ్ణించి తెలుగూ బర్మా కలిసిపోయి వచ్చాయి. "ఒకే ఇనుముతో ఇద్దర్ని సేసింది. అన్నదమ్ములు. పొద్దున్నే ముసల్ది టీ పోస్తాది, ఇద్దరి ముందరా పెడతాది. పక్కింటోడు నవ్వుతాడు. ఇనుము టీ తాగుద్దేటే ముసలీ అంటాడు. అప్పుడా ముసల్ది అంటాది, తాగితే తాగుతారు, మానితే మానతారు, మనిసి అనుకున్నాక ఎదర పెట్టాలి కదా అని. తరవాత ముసల్ది సచ్చిపోద్ది. తమ్ముణ్ణి తుక్కుకి అమ్మేస్తారు. ఈ అన్నని సంతకి తోలుకుపోతారు. అక్కడికి అయిపోద్ది."

గచ్చు మీద రెండు ఖాళీ కప్పులున్నాయి. కాపలా కుర్రాళ్లు ఎవరి చేతిలో కప్పు వాళ్లు పట్టుకుని ఆ రెండింటి వైపు చూస్తున్నారు.

"అదీ!" అంది కనకరత్నం మామ్మ. "తమ్ముడికి. అందుకే ఆ కుర్సీకేసి అలాగ సూస్తాడు. ప్రెబువుకేసి అలాగెవులు సూస్తారు?" కళ్లు తుడుచుకుంది. తర్వాత రూబెన్ వైపు తిరిగింది. "నీ బొబ్బిలి కమ్మరి సంగతి మాకు తెల్దనుకున్నావేట్రా? పూటకో మాట సెప్పే నోరు నిజం సెప్తాదా? నువ్వు సెప్తావని ఇన్నాం గానీ, నిజమని ఇన్నామేటి?"

రూబెన్ మూగబోవడం వీధి మొదటిసారి చూసింది. సిగ్గుపడాలో సంతోషించాలో తెలియక రెండూ పడ్డాడు.

మార్గరెట్ ఎడ్విన్ వైపు చూడలేదు. కెటిలు ఎత్తి చిన్నబాబు ముందున్న కప్పులో టీ పోసింది. పోసి, రెండో కప్పు ఎడ్విన్ ముందుకి జరిపి అందులోనూ పోసింది.

ఎడ్విన్ బరిసె గోడకి ఆనించాడు. వెళ్లి చిన్నబాబు వెనకాల మోకాళ్ల మీద కూర్చున్నాడు. ముడి తనే గట్టిగా వేశాడు, వేళ్లతో రాలేదు. వంగి పళ్లతో లాగి విప్పాడు.

ఆ మధ్యాహ్నం లింగరాజు కొట్లో కాలు పెట్టే చోటు లేదు. చిన్నబాబుని ముందు వరసలో మామ్మ పక్కన కూర్చోబెట్టారు. కప్పుల సీను రాగానే రూబెన్ లేచి బూరా అతని చేతికిచ్చాడు. చిన్నబాబు బూరా నోటి దగ్గర పెట్టుకుని ఒకే ఒక్క మాట అన్నాడు. "తమ్ముడా." కొట్లో ఆడవాళ్లు కళ్లొత్తుకోవడానికి చీర చెంగులు, లుంగీ అంచులు వెతుక్కున్నారు. గుమ్మంలో నిలబడి ఉన్నవాడు ఎడ్విన్. లోపలికి రాలేదు, వెళ్లిపోనూ లేదు.

చివరికి వంతెన వచ్చింది, తెల్ల చారలు పడ్డాయి. "తరవాత?" అన్నాడు చిన్నబాబు.

"టేపు నమిలేసింది," అన్నాడు రూబెన్. అతన్ని చూస్తూ అబద్ధమాడలేకపోయాడు.

"మరి మిల్లు వాళ్లకి ఏటని సెప్పాలి?"

ఇక మొదలైంది గోల. ఓడెక్కిపోయాడని చెప్పమన్నారు కొందరు. తమ్ముడు దొరికాడని చెప్పమంది మార్గరెట్. పెద్దలకి పిండం పెట్టి మోక్షం పొందాడని చెప్పమన్నాడు లింగరాజు, దొరికిన అవకాశం వదలకుండా. ఆ గోలలోనే చీకటి పడింది. చిన్నబాబు మార్గరెట్ ఇంట్లో అన్నం తిని అక్కడే పడుకున్నాడు.

తెల్లారి అతన్ని వంతెన దాకా దిగబెట్టడానికి రూబెన్ బయల్దేరాడు. కంచె దగ్గర ఎడ్విన్ ఎదురుచూస్తున్నాడు. తనూ వస్తానన్నాడు. బరిసె తీసుకోలేదు. చిన్నబాబు సంచీలో మార్గరెట్ కొత్త పొట్లం పెట్టింది. ఈసారి ఉప్పు సరిపోయిందని చెప్పి మరీ పెట్టింది.

దారి పొడుగునా మూసేసిన కొట్ల తలుపుల మీద కొత్త పోస్టర్లు అంటించి ఉన్నాయి. ఎవరో సైకిల్ మీద పత్రికలు పంచుకుంటూ పోయాడు. ఎడ్విన్ ఆకుపచ్చ చెప్పు మడమ దగ్గర అరిగి టపటపమంటోంది. "అదీ జతలోంచి తప్పిపోయినదే," అన్నాడు చిన్నబాబు దాన్ని చూసి. ఎడ్విన్ అతని మొహంలోకి చూశాడు. అక్కణ్ణించి పక్కపక్కనే నడిచాడు.

పజున్‌డౌంగ్ కాలువ వంతెన దగ్గర ఇంకో కంచె ఉంది. అది బర్మావాళ్ల పేట. చిన్నబాబుని దూరం నుంచే గుర్తుపట్టి కాపలావాళ్లు చేతులూపారు. "వచ్చాడు, వచ్చాడు! ఇనుపవాడు బతికాడా?" అని అరిచారు. దగ్గరికి వచ్చాక వాళ్ల చూపు వెనకున్న ఇద్దరి మీద పడింది. ఒకడు వెదురు అడ్డం పెట్టాడు.

"వీళ్లెవరు?"

ఎడ్విన్ జేబులో చెయ్యి పెట్టాడు. కార్డు ఇంటి దగ్గర మర్చిపోయాడు. "నేను తాకేటా, ఆ వీధి కాపలాకి..." అన్నాడు.

"అందరూ అలాగే చెబుతారు. నిన్నెవరు ఎరుగుదురు?"

ఎడ్విన్ మాటే ఎడ్విన్ కి ఎదురొచ్చింది.

"నేనెరుగుదును," అన్నాడు చిన్నబాబు. "మా వాళ్లు. వెదురు తీసి వీళ్లకి టీ పెట్టండి."

అంత సులువుగా అన్నాడు. వెదురు పక్కకి జరిగింది. ఒక ముసలాయన కెటిలు తెచ్చి బల్ల మీద కప్పులు పరిచాడు. ఎడ్విన్ ముందు పెట్టిన కప్పులోంచి ఆవిరి లేస్తుంటే అతను దానికేసి చూస్తూ ఉండిపోయాడు.

"ఇప్పుడు చెప్పండి. ఇనుపవాడు ఏమయ్యాడు?" అన్నారు కాపలావాళ్లు.

చిన్నబాబు రూబెన్ వైపు చూశాడు. రూబెన్ అలవాటుగా ఎడం చెయ్యి బూరా కోసం ఎత్తాడు. ఇంతలో ఎడ్విన్ అందుకున్నాడు.

"నేను చెబుతాను," అన్నాడు బర్మా భాషలో. కప్పు రెండు చేతులా పట్టుకున్నాడు. "అతను వంతెన దాటాడు. అవతల ఒక కంచె ఉంది. కంచె దగ్గర అతన్ని పట్టుకున్నారు. చేతులు వెనక్కి విరిచి కట్టారు."

"ఎవరు? సైన్యమా?"

"కాదు. మనలాంటి వాళ్లే. భయపడిన వాళ్లు."

టేపులో అలాంటి సీను లేదు. ఉండడానికి వీల్లేదు. రూబెన్ ఎత్తిన చెయ్యి దించుకున్నాడు. బల్ల చివర చోటు చూసుకుని కూర్చుని, తన ముందున్న కప్పు దగ్గరికి లాక్కున్నాడు. ఇన్నాళ్లలో ఆ సినిమా ముగింపుని ఇంకొకరు చెబుతుంటే వినడం అతనికి ఇదే మొదలు.

ఎడ్విన్ ఎక్కడ ఎత్తుకోవాలో తెలియక ఆగాడు.

"ఊఁ," అన్నాడు రూబెన్ ముందుకు వంగి. "అప్పుడేటయినాది?"